200 టెరాబైట్ల డీఐ సర్వర్‌లో చెడిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్: ఒక మరమ్మతు కేస్ స్టడీ

హైదరాబాద్‌లో సినిమాలకు డీఐ (రంగులు సరిదిద్ది తుది ఫ్రేములు తయారుచేసే పని), వీఎఫ్‌ఎక్స్ (గ్రాఫిక్స్) పనులు చేసే ఒక పోస్ట్ ప్రొడక్షన్ సంస్థలో ప్రధాన స్టోరేజ్ సర్వర్ ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక తిరిగి ఆన్ అయింది గానీ, అందులోని డేటా వాల్యూమ్ మౌంట్ కాలేదు, అంటే వాడకానికి తెరుచుకోలేదు. తెర మీద వచ్చిన సందేశం 'స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్'. లినక్స్‌లో ఇది 117వ నంబరు ఎర్రర్. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో లెక్క చూసే ఫైల్‌సిస్టమ్ (ఇక్కడ ఎక్స్‌ఎఫ్‌ఎస్) తన సొంత నిర్మాణాల్లో ఎక్కడో పొంతన లేదని గుర్తించి, ఇంకా ముందుకు వెళితే నష్టం పెరుగుతుందని ఆగిపోయినప్పుడు ఈ ఎర్రర్ ఇస్తుంది. నన్ను పిలిచేసరికి అక్కడి సిస్టమ్స్ బృందం సర్వర్‌ను మరోసారి రీబూట్ చేసి, ఫైల్‌సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ కూడా నడిపి చూసింది. అది క్షణంలో ముగిసి, తప్పేమీ లేదన్నట్టు బయటికి వచ్చేసింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ విషయంలో ఎఫ్‌ఎస్‌సీకే ఒక చిన్న స్క్రిప్ట్ మాత్రమే. మామూలుగా నడిపితే అది డిస్కును తాకనే తాకదు, సరిచూడాలంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ వాడమని చెప్పి ఊరుకుంటుంది. ఈ సంగతి తెలియక, ఫైల్‌సిస్టమ్ బాగానే ఉంది, కంట్రోలరే పోయిందన్న నిర్ధారణకు వచ్చి, కొత్త కంట్రోలర్ కోసం వాళ్లు ఫోన్లు చేస్తున్న సమయానికి నేను చేరాను.

సర్వర్‌లో ఒక్కొక్కటి 10 టెరాబైట్ల డిస్కులు 24 ఉన్నాయి. హార్డ్‌వేర్ రెయిడ్ కంట్రోలర్ (ఒకటి రెండు డిస్కులు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి నడిపే కార్డు) వాటిని పన్నెండేసి డిస్కుల రెండు రెయిడ్ 6 గుంపులుగా చేసి, ఆ రెండింటినీ కలిపి రెయిడ్ 60గా ఒకే వాల్యూమ్‌గా చూపిస్తుంది. ఒక్కో గుంపులో రెండు డిస్కుల చోటు పారిటీకి (పోయిన డిస్కు డేటాను తిరిగి లెక్కగట్టే సమాచారానికి) పోగా మిగిలేది 200 టెరాబైట్లు. దాని మీద ఒకే ఒక ఎక్స్‌ఎఫ్‌ఎస్. ఇంత చోటు ఎందుకంటే, 4కే సినిమా పనిలో ఒక్కో ఫ్రేమ్ ఒక్కో డీపీఎక్స్ (సినిమా ఫ్రేములను దాచే బొమ్మ ఫార్మాట్) ఫైలు. 4096 అడ్డం, 2160 నిలువు పిక్సెళ్ల 10 బిట్ల ఫ్రేమ్ ఒక్కటే 35 మెగాబైట్ల పైచిలుకు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషం సినిమా సుమారు 51 గిగాబైట్లు, రెండున్నర గంటల సినిమా ఏడున్నర టెరాబైట్లకు పైనే. దానికి తోడు ఒక్కో షాటుకు పదేసి వెర్షన్లు, రెండరింగ్ పొరలు, ప్రాక్సీలు (తక్కువ సైజు నకళ్లు). అలా ఆ వాల్యూమ్‌లో నాలుగు కోట్ల దాకా ఐనోడ్లు (ఒక్కో ఫైలు లేదా డైరెక్టరీ వివరాలు ఉండే రికార్డులు) పోగుపడ్డాయి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇలాంటి పనికే పుట్టింది. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1990ల తొలి సంవత్సరాల్లో తన ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం దీన్ని తయారుచేసింది. తర్వాత లినక్స్‌లోకి వచ్చింది. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 దీన్నే డిఫాల్ట్‌గా తీసుకుంది. డిస్కు చోటును ఇది అలొకేషన్ గ్రూపులుగా విభజించుకుంటుంది. ఒక్కో గ్రూపు గరిష్ఠంగా ఒక టెరాబైటు, అది కూడా 1024 లెక్కన. కాబట్టి మన వాల్యూమ్‌లో 182 గ్రూపులు ఉన్నాయి. ప్రతి గ్రూపుకూ సొంత సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం కొలతలు రాసి ఉండే బ్లాకు) నకలు, ఖాళీ చోటును లెక్కపెట్టే రెండు బీ ప్లస్ ట్రీలు (త్వరగా వెతకడానికి వీలైన సూచికలు), ఐనోడ్లు ఎక్కడున్నాయో చెప్పే మరో ట్రీ ఉంటాయి. ఒక గ్రూపు చెడితే నష్టం చాలావరకు ఆ గ్రూపులోనే ఉంటుందన్నది ఈ ఏర్పాటులోని మేలు. కాకపోతే డైరెక్టరీ ఒక గ్రూపులో, దాని కింది డైరెక్టరీలు వేరే గ్రూపుల్లో ఉండటం ఇక్కడ మామూలే కనుక, ఒకచోట చెడినది మరోచోట పేరు లేని ఫైళ్లుగా తేలుతుంది.

కారణం

ఫైల్‌సిస్టమ్ జోలికి వెళ్లే ముందు కంట్రోలర్ ఈవెంట్ లాగ్ మొత్తం చదివాను. కరెంటు పోవడానికి చాలా రోజుల ముందే, రైట్ క్యాష్‌ను (డిస్కుకు చేరే ముందు రాతలు ఆగే మెమరీని) కాపాడే బ్యాటరీ ఛార్జి నిలుపుకోవడం లేదని కంట్రోలర్ పదేపదే రాసుకుంది. మామూలుగా అయితే బ్యాటరీ పాడైన వెంటనే కంట్రోలర్ రైట్ బ్యాక్ (రాత క్యాష్‌లో పడగానే అయిందని చెప్పే పద్ధతి) మానేసి, ప్రతి రాతనూ డిస్కుదాకా పంపిన తర్వాతే అయిందని చెప్పే రైట్ త్రూ పద్ధతికి మారాలి. ఇక్కడ 'ఎప్పుడూ రైట్ బ్యాక్' అనే సెట్టింగ్ పెట్టి ఉంది. 4కే ప్లేబ్యాక్‌లో ఫ్రేములు ఆగుతున్నాయని ఎప్పుడో ఎవరో పెట్టారట. ప్లేబ్యాక్ అంటే చదవడం. దానికి రైట్ క్యాష్‌తో సంబంధమే లేదు. అయినా ఇలాంటి సెట్టింగులు ఒకసారి పెట్టాక ఎవరూ తీయరు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడేటాలో (ఫైళ్ల లోపలి డేటా కాక, వాటి గురించి తాను రాసుకునే లెక్కల్లో) చేసే ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాస్తుంది, ఆ తర్వాత నిదానంగా అసలు చోట రాస్తుంది, అసలు చోట రాత పూర్తయిందని డిస్కు చెప్పాకనే లాగ్‌లోని ఆ భాగాన్ని తిరిగి వాడుకుంటుంది. ఈ వరుస మీదే దాని భద్రత అంతా ఆధారపడి ఉంది. ఫ్లష్ చేయమని అడిగినప్పుడు, తన క్యాష్‌కు బ్యాటరీ ఉందన్న లెక్కతో కంట్రోలర్ 'అయింది' అని చెప్పేసింది. ఫైల్‌సిస్టమ్ ఆ మాట నమ్మి లాగ్‌ను ముందుకు జరిపింది. కరెంటు పోగానే క్యాష్‌లో ఉన్నదంతా గాలికి పోయింది. ఫలితంగా కొన్ని బ్లాకుల కొత్త రూపం అసలు చోటా లేదు, లాగ్‌లోనూ లేదు.

ఇలాంటి నష్టాన్ని కనిపెట్టడంలో ఒక చిక్కు ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐదో వెర్షన్ ఫార్మాట్‌లో ప్రతి మెటాడేటా బ్లాకులోనూ చెక్‌సమ్ (బ్లాకులోని బైట్ల నుంచి లెక్కగట్టిన సరిచూపు సంఖ్య), ఆ బ్లాకు ఎవరిదో చెప్పే ఐనోడ్ లేదా గ్రూపు నంబరు, చివరిసారి ఏ లాగ్ రికార్డుతో మారిందో చెప్పే వరుస సంఖ్య ఉంటాయి. డిస్కు మీద సగం రాసి ఆగిపోయిన బ్లాకును చెక్‌సమ్ వెంటనే పట్టిస్తుంది. కానీ రాయనే రాయకుండా పోయిన బ్లాకులో ఉన్నది పాత కాపీ. దాని చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది. పహాణీలో ఒకరి పేరు, పాసుపుస్తకంలో మరొకరి పేరు ఉన్న పొలంలాగా, దేనికది విడిగా చూస్తే నిజమైన పత్రమే, పక్కపక్కన పెడితేనే గొడవ బయటపడుతుంది. ఖాళీ చోటు ట్రీ ఒక బ్లాకు ఖాళీగా ఉందంటుంది. అదే బ్లాకు నాదని ఒక ఫైలు ఐనోడ్ అంటుంది. ఇలాంటివి వందల్లో ఉన్నాయి.

కింది పొర కుదుటపడే దాకా

రెయిడ్ పొర నిలకడగా లేనప్పుడు దాని మీద ఫైల్‌సిస్టమ్ మరమ్మతు చేయకూడదన్నది ఈ పనిలో నేను ఎంతమాత్రం సడలించని నియమం. ఒక డిస్కు మీడియా ఎర్రర్లు చూపిస్తూ ఉంది, మరొకటి కరెంటు వచ్చాక గుంపు నుంచి బయటికి పోయి రీబిల్డ్ (దాని డేటాను మిగతా డిస్కుల నుంచి తిరిగి కట్టుకోవడం) మొదలుపెట్టింది. రీబిల్డ్ పూర్తయ్యేదాకా ఆగాలని చెప్పాను. డీఐ విభాగం చూసుకునే ఆయనకు ఇది మింగుడుపడలేదు. సెన్సార్‌కు వెళ్లాల్సిన సినిమా ఒకటి చివరి గ్రేడింగ్‌లో ఉంది. 'సార్, మూడో రీలు ఉందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు' అని ఆయన సర్వర్ గది తలుపు దగ్గరే నిలబడ్డారు. రీలు ఉందనడానికి గానీ లేదనడానికి గానీ అప్పటికి నా దగ్గర ఆధారం లేదు, అదే చెప్పాను.

రీబిల్డ్ నడుస్తుండగా బ్యాక్‌గ్రౌండ్‌లో జరిగే ప్యాట్రోల్ రీడ్, కన్సిస్టెన్సీ చెక్ అనే తనిఖీలు రెండూ ఆపించాను. రైట్ బ్యాక్ తీసేసి రైట్ త్రూ పెట్టించాను. బ్లాక్ డివైస్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా కెర్నెల్ (లినక్స్ మూల భాగం) స్థాయిలోనే తాళం వేశాను. ఎవరైనా అలవాటుగా మౌంట్ కమాండ్ కొట్టినా ఒక్క బైటు కూడా రాయడానికి వీల్లేకుండా ఉండాలన్నది ఉద్దేశం.

నకలు మీద తాలీం

చిన్న డిస్కు అయితే మొత్తం ఇమేజ్ తీసుకుని దాని మీద ప్రయోగాలు చేయవచ్చు. 200 టెరాబైట్లకు ఇమేజ్ తీసుకునే చోటు ఆ సంస్థలోనే కాదు, ఊళ్లో అప్పటికప్పుడు అద్దెకు కూడా దొరకదు. అదృష్టవశాత్తూ ఎక్స్‌ఎఫ్‌ఎస్ సాధనాల్లో మెటాడంప్ ఉంది. ఫైళ్లలోని డేటాను వదిలేసి, సూపర్‌బ్లాకులు, ట్రీలు, ఐనోడ్లు, డైరెక్టరీలు, లాగ్ మాత్రం ఒక ఫైలులోకి తీసుకుంటుంది. డెవలపర్లకు పంపుకోవడానికి వీలుగా అది ఫైళ్ల పేర్లను మామూలుగా గజిబిజి చేస్తుంది. మనకు పేర్లే ముఖ్యం కాబట్టి ఆ పని చేయవద్దనే ఆప్షన్‌తో నడిపాను. నాలుగు కోట్ల ఐనోడ్లు ఒక్కొక్కటి 512 బైట్ల చొప్పున ఇరవై గిగాబైట్లు, డైరెక్టరీలు, ట్రీలు అదనం. మొత్తం ఒక ఎస్‌ఎస్‌డీలో హాయిగా సరిపోయింది.

దాన్ని ఎమ్‌డీ రిస్టోర్‌తో మళ్లీ ఇమేజ్‌గా మార్చినప్పుడు వచ్చేది స్పార్స్ ఫైలు: నిజంగా తినే చోటు కొద్దిదే అయినా, చూపించే సైజు అసలు వాల్యూమ్ అంత ఉంటుంది. అక్కడివాళ్లు ఇచ్చిన వర్క్‌స్టేషన్‌లో ఈఎక్స్‌టీ4 అనే మరో ఫైల్‌సిస్టమ్ ఉంది. నాలుగు కిలోబైట్ల బ్లాకులతో ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు గరిష్ఠ సైజు 16 టెరాబైట్లు, కాబట్టి ఈ ఇమేజ్ అందులో పట్టదు. ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌ఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేశాకనే ముందుకు వెళ్లగలిగాం. ఇలాంటి పనికి దిగేవారు ఈ ఒక్క విషయం ముందే చూసుకుంటే కొన్ని గంటలు మిగులుతాయి.

ఈ నకలు చేతికి వచ్చాక పని స్వభావమే మారిపోతుంది. ఎన్నిసార్లు పాడుచేసుకున్నా మళ్లీ రిస్టోర్ చేసుకోవచ్చు. మరమ్మతు తర్వాత దాన్ని లూప్ డివైస్‌గా (ఫైలునే డిస్కులా చూపించి) మౌంట్ చేస్తే డైరెక్టరీల చెట్టు మొత్తం, పేర్లు, సైజులతో సహా కనిపిస్తుంది. ఫైళ్ల లోపల మాత్రం సున్నాలే. అసలు డిస్కును ముట్టుకోకుండానే, మరమ్మతు తర్వాత ఏ సినిమా, ఏ రీలు, ఏ షాటు మిగులుతుందో పేర్లతో సహా చెప్పగలిగే స్థితి ఇది. మూడో రీలు డైరెక్టరీ చెక్కుచెదరకుండా ఉందని, డైరెక్టరీ ఉండటం వేరు, ఫ్రేముల్లో బొమ్మ ఉండటం వేరని ఆ సాయంత్రమే డీఐ విభాగానికి తెలియజేశాను.

లాగ్‌ను ఏం చేయాలి

అసలు నిర్ణయం లాగ్ గురించి. లాగ్‌లో ఇంకా అమలు చేయని మార్పులు ఉన్నప్పుడు ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ పని మొదలుపెట్టదు; ముందు మౌంట్ చేసి లాగ్‌ను రీప్లే చేయనివ్వమని, అది కుదరకపోతేనే మైనస్ పెద్ద ఎల్ ఆప్షన్‌తో లాగ్‌ను సున్నా చేయమని చెబుతుంది. ఆ సందేశంలో రెండో సగం మాత్రమే చదివి, కమాండ్ చివర పెద్ద ఎల్ తగిలించేవారే ఎక్కువ. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది. లాగ్‌ను సున్నా చేయడమంటే, కరెంటు పోయే ముందటి క్షణాల్లో జరిగిన ఫైళ్ల సృష్టి, పేరు మార్పులు, తొలగింపులు, చోటు కేటాయింపులకు ఉన్న ఏకైక సాక్ష్యాన్ని చేతులారా చెరిపేయడం. చిన్నగా పాడైన ఫైల్‌సిస్టమ్ కూడా దీనివల్ల పెద్దగా పాడవుతుంది.

కాబట్టి ముందు నకలు మీద లాగ్‌ను రీప్లే చేయించి చూశాను. కొంతదూరం వెళ్లి, ఒక ఐనోడ్ గుంపు బ్లాకు దగ్గర అక్కడ ఉండాల్సినది లేదని ఆగిపోయింది. కెర్నెల్ పాతది కావడం వల్లేమోనని కొత్త కెర్నెల్‌తో లైవ్ యూఎస్‌బీ మీద అదే నకలుతో మళ్లీ ప్రయత్నించాను. సరిగ్గా అదే చోట ఆగింది. లాగ్ ఆధారపడిన బ్లాకే డిస్కు మీద లేనప్పుడు ఏ కెర్నెల్ అయినా చేయగలిగింది ఏమీ లేదు. ఇక సున్నా చేయక తప్పదని తేలింది.

చేసే ముందు, దానివల్ల పోయేది ఏమిటో తెలుసుకోవాలి. కరెంటు పోయిన సమయంలో ఆ సర్వర్ మీద ఎవరు రాస్తున్నారన్నది ప్రశ్న. రెండర్ ఫార్మ్‌ను (ఫ్రేములు తయారుచేసే కంప్యూటర్ల గుంపును) నడిపే క్యూ మేనేజర్ వేరే యంత్రంలో ఉంది, దాని లాగ్ భద్రంగా ఉంది. ఆ రాత్రి ఏ షాట్లు రెండర్ అవుతున్నాయో, ఏ ఫ్రేములు పూర్తయ్యాయని నోడ్లు చెప్పాయో అందులో వరుసగా ఉంది. దాదాపు అన్నీ మళ్లీ రెండర్ చేయగలిగినవే. గ్రేడింగ్ గదిలో మాత్రం ఒకరు ఆలస్యంగా పనిచేశారు. గ్రేడింగ్ ప్రాజెక్టు డేటాబేస్ ఆ గది యంత్రంలోనే ఉంటుంది కాబట్టి అది సురక్షితం. ఈ రెండు విషయాలు తేలాక, లాగ్‌ను వదులుకోవడం భరించదగిన నష్టమేనని సంస్థ యాజమాన్యానికి కాగితం మీద రాసిచ్చి, వారి సమ్మతి తీసుకున్నాను.

నకలు మీద లాగ్ సున్నా చేసి మరమ్మతు నడిపితే వచ్చిన నివేదికే ఈ మొత్తం పనిలో అత్యంత విలువైన కాగితం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ ధ్యేయం ఫైల్‌సిస్టమ్‌ను పొంతన గల స్థితికి తేవడం; పోయిన ఫైళ్లను తిరిగి తేవడం దాని పని కాదు. తనకు అర్థం కాని ఐనోడ్‌ను అది తుడిచేస్తుంది. మరొకరితో తగాదా పడుతున్న బ్లాకులు గల ఐనోడ్లనూ తుడిచేస్తుంది. ఏ ఐనోడ్లను తుడిచేస్తుందో నకలు నివేదికలో నంబర్లతో సహా ఉంది. అంటే అసలు డిస్కు మీద ఆ ఐనోడ్లు ఇంకా బతికే ఉన్నాయి, వాటిని ఇప్పుడే కాపీ చేసుకోవచ్చు.

దీనికి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో 'నో రికవరీ' అనే మౌంట్ ఆప్షన్ ఉంది. లాగ్‌ను పట్టించుకోకుండా, చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తుంది. కొన్ని డైరెక్టరీల్లోకి వెళ్లగానే మళ్లీ 117 ఎర్రర్ వస్తుంది, మిగిలినవి మామూలుగా తెరుచుకుంటాయి. నివేదికలోని ఐనోడ్ నంబర్లతో ఫైండ్ కమాండ్ నడిపి, దొరికిన ఫైళ్లన్నీ వేరే డిస్కులకు తీసుకున్నాం. డైరెక్టరీ ద్వారా అందని కొన్నింటిని ఎక్స్‌ఎఫ్‌ఎస్ డీబీ అనే సాధనంలో తెరిచి, వాటి ఎక్స్‌టెంట్ల (వరుస బ్లాకుల ముక్కల) జాబితా చూసి, డీడీ కమాండ్‌తో బ్లాకులు నేరుగా తీశాను. సెన్సార్‌కు వెళ్లాల్సిన సినిమా ఫైనల్ ఫ్రేములు ఎనిమిది టెరాబైట్లలోపే కాబట్టి వాటిని మరమ్మతుకు ముందే పూర్తిగా బయటికి తెచ్చాం. మూడో రీలులో కొన్ని ఫ్రేములు తెరుచుకోలేదు. వాటి వరుస సంఖ్యలు రాసిచ్చి, గ్రేడింగ్ యంత్రం నుంచి మళ్లీ తీసుకోమన్నాను.

అసలు డిస్కు మీద

మెటాడేటా నకలులో ఫైళ్ల డేటా ఉండదు గనుక, మరమ్మతు తర్వాత ఫ్రేములు నిజంగా తెరుచుకుంటాయో లేదో అందులో తెలియదు. అందుకే ఇంకో మెట్టు పెట్టుకున్నాను. డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో అసలు వాల్యూమ్ మీద ఒక ఓవర్‌లే కట్టాం: చదివేవన్నీ అసలు డిస్కు నుంచి వస్తాయి, రాసేవన్నీ పక్కనున్న ఎస్‌ఎస్‌డీలోకి పోతాయి. మరమ్మతులో మారేది మెటాడేటా మాత్రమే కనుక ఆ ఎస్‌ఎస్‌డీ మీద పడే బరువు తక్కువే. ఓవర్‌లే మీద మరమ్మతు చేసి, మౌంట్ చేసి, ఒక్కో ప్రాజెక్టు నుంచి కొన్ని షాట్లు డీఐ వాళ్ల చేతనే ప్లే చేయించి చూశాం. ఇది అనవసరమైన ఆలస్యమని అన్నవారు ఉన్నారు. వెనక్కి తిరిగి రాలేని పని చేసే ముందు ఆ పని ఫలితాన్ని కళ్లతో చూసే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

అసలు నడక గురించి చెప్పాల్సింది తక్కువ. లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన పాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ సాధనాలు కాకుండా కొత్తవి వాడాను. ఐదో వెర్షన్ ఫార్మాట్‌లో లాగ్ సున్నా చేసినప్పుడు కొత్త లాగ్ వరుస సంఖ్యలు, డిస్కు మీద ఇప్పటికే ఉన్న బ్లాకుల్లోని సంఖ్యలకన్నా ముందుండాలి. ఈ జాగ్రత్త మరీ పాత సాధనాల్లో లేదు. మెమరీ అంచనా ముందే వేసుకున్నాను: మార్పులు చేయని ఆప్షన్‌తో, మెమరీ పరిమితిని కావాలనే ఒక మెగాబైటుగా ఇచ్చి నడిపితే, తనకు ఎంత కావాలో అదే చెప్పి ఆగిపోతుంది. డిఫాల్ట్‌గా అది ర్యామ్‌లో 75 శాతం దాకా వాడుకుంటుంది. సర్వర్‌లో 64 గిగాబైట్లు ఉన్నాయి. సరిపోతుందని లెక్క చెప్పినా వేరే ఎస్‌ఎస్‌డీ మీద స్వాప్ (ర్యామ్ చాలకపోతే వాడుకునే చోటు) పెట్టాను. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి పనిచేసే కనెక్షన్) తెగినా ఆగకుండా స్క్రీన్ సెషన్‌లో, ప్రతి లైనూ ఫైలులోకి పోయేలా నడిపాను.

మరమ్మతు ఏడు ఫేజుల్లో సాగుతుంది. మొదటి దానిలో సూపర్‌బ్లాక్, రెండో దానిలో లాగ్, ఖాళీ చోటు, ఐనోడ్ పటాలు. మూడు, నాలుగు ఫేజుల్లో ఐనోడ్లన్నింటినీ గ్రూపులవారీగా నడిచి తగాదాలు తీరుస్తుంది. ఐదోది ట్రీలను మొదటి నుంచి తిరిగి కడుతుంది. ఆరోది డైరెక్టరీల చెట్టును వేరు నుంచి నడిచి, ఎవరికీ చెందని ఐనోడ్లను లాస్ట్ అండ్ ఫౌండ్‌లో పడేస్తుంది. ఏడోది లింకుల లెక్క సరిచేస్తుంది. నాలుగు కోట్ల ఐనోడ్లు ఉన్నప్పుడు ఆరో ఫేజు చాలాసేపు ఏ సందేశమూ లేకుండా నడుస్తుంది. ఆగిపోయిందనుకుని చంపేయాలనిపించేది అక్కడే. డిస్కు దీపాలు వెలుగుతున్నాయి, ఐఓస్టాట్ కమాండ్‌లో డిస్కును చదువుతున్నట్టు కనిపిస్తోంది, అంతకన్నా ఆధారం అక్కర్లేదు. ముగిశాక మార్పులు చేయని ఆప్షన్‌తో మళ్లీ ఒకసారి నడిపి, ఫిర్యాదు ఏదీ లేదని చూశాకే మౌంట్ చేశాం.

పేర్లు పోయిన ఫ్రేములు

లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో ఫైలు పేరు ఐనోడ్‌లో ఉండదు, దాన్ని చూపించే డైరెక్టరీలో ఉంటుంది. డైరెక్టరీ బ్లాకు పోతే అందులోని ఫైళ్లు ఉంటాయి, పేర్లు పోతాయి. లాస్ట్ అండ్ ఫౌండ్‌లో చేరిన వాటికి ఐనోడ్ నంబరే పేరు. అయితే అక్కడ చేరినది డైరెక్టరీ అయితే, దాని పేరు పోయినా లోపలి ఫైళ్ల పేర్లు యథాతథంగా ఉంటాయి. షాటు నంబరు చూసి దాన్ని పాత చోటికి చేర్చడం నిమిషం పని. ఇబ్బంది పెట్టినవి విడిగా పడిన వేలాది ఫైళ్లు.

ఇక్కడ డీపీఎక్స్ ఫార్మాట్ ఆదుకుంది. ఎస్‌ఎంపీటీఈ (సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం డీపీఎక్స్ హెడర్‌లో మొదటి నాలుగు బైట్లు గుర్తు. 16వ బైటు దగ్గర ఫైలు సైజు. 36వ బైటు నుంచి నూరు బైట్లు ఫైలు పేరు. 136 నుంచి 24 బైట్లు తయారైన తేదీ, సమయం. అంటే ప్రతి ఫ్రేమూ తన పేరును తన కడుపులోనే మోసుకు తిరుగుతోంది. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి, లాస్ట్ అండ్ ఫౌండ్‌లోని ప్రతి ఫైలు మొదటి రెండు కిలోబైట్లు చదివించి, పేరు, సమయం, సైజు ఒక పట్టికలోకి తీశాను. గుర్తు తిరగేసి ఉంటే బైట్ల వరుస తిరగేసి చదవాలి. సాఫ్ట్‌వేర్‌ను బట్టి రెండు రకాలూ వస్తాయి. హెడర్‌లో చెప్పిన సైజు, డిస్కు మీద ఉన్న సైజు సమానం కాకపోతే ఆ ఫ్రేమ్ తెగిపోయినట్టు. నాలుగు బైట్ల గుర్తు ఉండాల్సిన చోట సున్నాలుంటే, చోటు కేటాయింపు జరిగి డేటా రాకముందే కరెంటు పోయినట్టు.

పట్టికను యథాతథంగా నమ్మకూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పేరు గడిలో పేరు బదులు పూర్తి పాత్ రాస్తాయి, నూరు బైట్లు దాటితే చివర తెగుతుంది, తెగేది ఫ్రేమ్ నంబరే. కొన్ని ఆ గడిని ఖాళీగా వదిలేస్తాయి. రెండర్ అయ్యాక వెర్షన్ నంబరు మార్చి పెట్టుకున్న షాట్లలో హెడర్ ఇంకా పాత వెర్షన్ పేరే చెబుతుంది. వాటిని హెడర్ మాట విని పెడితే తిరస్కరించిన వెర్షన్ ఆమోదించిన వెర్షన్ చోట కూర్చుంటుంది. ఇలాంటి అనుమానం ఉన్న చోటల్లా తయారైన సమయాన్ని రెండర్ క్యూ లాగ్‌తో సరిపోల్చాం. పేరు అసలే లేని వాటికి 1920వ బైటు దగ్గరుండే టైమ్‌కోడ్ కొంతవరకు దారి చూపింది. మిగిలినవి వీఎఫ్‌ఎక్స్ కుర్రాళ్లు బొమ్మ చూసి గుర్తుపట్టారు. ఆ షాటు మీద నెలలు గడిపినవాళ్లకు ఏ స్క్రిప్టూ సాటిరాదు.

కంపోజిటర్ల (పొరలు కలిపి షాటు తయారుచేసేవారి) న్యూక్ సాఫ్ట్‌వేర్ స్క్రిప్టులు సైజులో చిన్నవి, విలువలో పెద్దవి. అవి టెక్స్ట్ ఫైళ్లు. రూట్ అనే భాగంలో చివరిసారి సేవ్ చేసిన పూర్తి పాత్ ఉంటుంది. టెక్స్ట్ వెతికే గ్రెప్ కమాండ్‌తో ఆ లైను పట్టుకుని వాటినీ తిరిగి పేర్లతో పెట్టాం. అన్నింటికన్నా మొండివి క్విక్‌టైమ్ ఫైళ్లు: మూవ్ అనే సూచిక భాగం చివర్లో రాయడం చాలా ఎన్‌కోడర్ల అలవాటు, అది పడకముందే తెగిన ఫైలు ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. అవన్నీ ప్రివ్యూల కోసం తీసినవే కాబట్టి వాటి మీద సమయం పెట్టలేదు.

కెమెరా ఒరిజినల్స్ విషయంలో ఊహకు తావు లేదు. షూటింగ్ నుంచి ఫుటేజ్ వచ్చిన రోజే ఎల్‌టీఓ (బ్యాకప్‌కు వాడే అయస్కాంత) టేపుల మీద రెండు కాపీలు తీసి, ఒక్కో ఫైలుకు చెక్‌సమ్‌తో ఎమ్‌హెచ్‌ఎల్ జాబితా రాసుకునే అలవాటు ఆ సంస్థలో ఉంది. సర్వర్ మీద మిగిలిన ఒరిజినల్స్ అన్నింటినీ ఆ జాబితాలతో సరిచూశాం. పేరు, సైజు, తేదీ అన్నీ సరిగ్గా ఉండి చెక్‌సమ్ మాత్రమే తప్పిన ఫైళ్లు కొన్ని బయటపడ్డాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్ మెటాడేటాకే గానీ ఫైలు డేటాకు ఉండదు కాబట్టి, ఈ జాబితాలు లేకపోతే ఆ ఫైళ్లు బాగున్నాయనే అందరూ అనుకునేవారు. వాటిని టేపుల నుంచి తిరిగి తెచ్చుకున్నారు.

ఆ తర్వాత

బ్యాటరీ స్థానంలో సూపర్ కెపాసిటర్, ఫ్లాష్ ఉన్న మాడ్యూల్ పెట్టించాం. బ్యాటరీ లేదా మాడ్యూల్ పాడైతే రైట్ త్రూకు మారే సెట్టింగ్‌కు తిరిగి తెచ్చాం. డిస్కుల సొంత రైట్ క్యాష్ ఆపించాం. కంట్రోలర్ ఈవెంట్ లాగ్ ఎవరూ చూడని చోట ఉండకుండా, అందులోని హెచ్చరికలు సిస్టమ్స్ బృందం ఫోన్లకు వెళ్లేలా అమర్చాం. యూపీఎస్ తక్కువ ఛార్జికి రాగానే సర్వర్ దానంతట అదే క్రమంగా షట్‌డౌన్ అయ్యే ఏర్పాటు అంతకుముందు లేదు, ఇప్పుడు ఉంది.

ఇంకో మార్పు గురించి సంస్థలో కొంత వాదన జరిగింది. ఒకే 200 టెరాబైట్ల వాల్యూమ్ ఉంటే ఎవరికీ చోటు పంచుకునే గొడవ ఉండదని ఎడిట్, డీఐ, వీఎఫ్‌ఎక్స్ మూడు విభాగాలకూ ఇష్టం. మరమ్మతు సమయంలో మూడూ ఒకేసారి ఆగిపోవడానికీ అదే కారణం. రాతలు ఎక్కువగా జరిగే రెండర్ కాష్‌లు, రాతలు అరుదైన ఫైనల్ ఫ్రేములు ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండటం అర్థం లేని పని అన్నాను. సెన్సార్ పని ముగిసి ఆ సినిమా టేపుల మీదకు వెళ్లాక, రెండు రెయిడ్ 6 గుంపులనూ విడదీసి, ఒక్కోదాని మీద 100 టెరాబైట్ల వేర్వేరు ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లు పెట్టుకున్నారు. పేరు తేలని ఫైళ్లను పట్టికతో సహా ఒక ఎల్‌టీఓ టేపు మీదకు ఎక్కించి సర్వర్ నుంచి తీసేశారు. ఆ టేపు కోసం తర్వాత ఒక కంపోజిటర్ మాత్రమే అడిగారు, ఆయనకు కావలసిన షాటు అందులో దొరికింది.